చెయ్యి ఎప్పుడు శుభ్రమైనట్టు?



కువైట్‌లో మన ఆరాధన శుక్రవారం. ఆరాధన ముగిశాక ఒకరినొకరు చేయి కలిపి పలకరించుకునే ఆ ఐదు నిమిషాలు ఈసారి కొంచెం గమనించండి. కొందరు అరచేయి ఇవ్వరు. దూరం నుంచే రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పి పక్కకు తప్పుకుంటారు. మనమే దగ్గరకెళ్లి చేయి చాపితే, వేళ్లు ముడుచుకుని మణికట్టు ముందుకు పెడతారు. బల్లారాధనలో రొట్టె పళ్లెం దగ్గరకొస్తే గోళ్లు కనబడకుండా ముక్క తీసుకోవడం వాళ్లకు అలవాటైపోయింది. వీళ్లలో చాలామంది షువైఖ్ వైపు గ్యారేజీల్లో, లేత్ షాపుల్లో, టైర్ల షాపుల్లో పనిచేసేవాళ్లు. గురువారం రాత్రి రూముకొచ్చి, బయట బాత్రూం కోసం ఇంకో నలుగురు కాచుకుని ఉండగా, అరగంటసేపు చేతులు రుద్దుకుని వచ్చినవాళ్లు. అంత రుద్దినా కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదాని గురించే ఈ నాలుగు మాటలు.

మీరు కువైట్‌లో కాక డాలస్‌లోనో, డర్బన్‌లోనో, లండన్‌లోనో ఉండి ఇది చదువుతుండవచ్చు. మీ చేతికి కీబోర్డు తప్ప ఇంకేమీ తగలకపోవచ్చు. అయినా ఈ ప్రశ్న మీదీ అనే నా ఉద్దేశం: చెయ్యి ఎప్పుడు శుభ్రమైనట్టు? ఎవరు చూసి ఆ మాట చెప్పాలి?

ముందు ఆ నలుపు ఏమిటో తెలుసుకుందాం. కొత్త ఇంజన్ ఆయిల్ తేనె రంగులో ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన బండి చాంబర్ బోల్టు విప్పితే కారేది తారులాంటి నలుపు. ఇంధనం మండినప్పుడు పుట్టిన మసి, లోపల అరిగిన లోహపు పొడి అందులో కలిసి ఉంటాయి. ఆ మసి రేణువులు ఎంత సన్నవంటే వేలిముద్రల చాళ్లలో, కణుపుల మీది ముడతల్లో, గోటి పక్క చీలికల్లో దూరి కూర్చుంటాయి. వాటి చుట్టూ నూనె పొర. ఒంటిసబ్బు, చన్నీళ్లు పైపైన జారిపోతాయి తప్ప ఆ పొరను దాటి లోపలికి పోవు.

పనసకాయ కోసే మన అమ్మలకు ఇందులో సగం తెలుసు. కత్తి పట్టేముందు చేతికి నూనె రాసుకుంటారు, జిగురు అంటకుండా. అంటినా నూనెతోనే వదిలిస్తారు. గ్రీసుకూ అదే పద్ధతి. నీళ్లు తగలకముందే, పొడి చేతులకు ఒక చెంచాడు కొబ్బరినూనో వంటనూనో పోసుకుని రెండు మూడు నిమిషాలు తీరిగ్గా రుద్దండి. చర్మానికి పట్టిన పాత నూనె ఈ కొత్త నూనెలో కరిగి, మసి వదులవుతుంది. పాత గుడ్డతో తుడిచేయండి. అప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్‌లో కాస్త పంచదార కలిపి మళ్లీ రుద్దండి. పంచదార పలుకులు మురికిని గీకుతాయి, కడిగేటప్పుడు కరిగిపోతాయి, ఇసకలాగా చర్మాన్ని కోయవు. ఇంట్లో సున్నిపిండి ఉంటే అదీ పనికొస్తుంది. గోళ్లకు చిన్న బ్రష్ వాడండి. గోరువెచ్చటి నీళ్లు చాలు, మరీ వేడి వద్దు. షాపుల్లో దొరికే కమలాపండు వాసన పేస్టులు కూడా ఇలాగే పనిచేస్తాయి: కమలా తొక్క నుంచి తీసిన పదార్థం గ్రీసును కరిగిస్తుంది, అందులోని సన్నటి రాతిపొడి రుద్దుతుంది.

ఇంతకంటే మంచి ఉపాయం పని మొదలుపెట్టకముందే ఉంది. పాత మెకానిక్కులకు ఇది తెలుసు. తడిపిన సబ్బుబిళ్ల మీద పది గోళ్లతోనూ గీరాలి. గోళ్ల కింద సబ్బు నిండిపోతే ఇక గ్రీసుకు అక్కడ చోటుండదు. సాయంత్రం బ్రష్ పెడితే లోపలి సబ్బుతోపాటు అంతా వచ్చేస్తుంది. చేతులకు ముందే కాస్త క్రీము రాసుకోవడం, పలచటి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం కూడా మంచిదే. ఒకటి మాత్రం మరవకండి: తిరిగే లేత్ దగ్గర, డ్రిల్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు. గ్లవ్ చిక్కుకుంటే వేలు కూడా దానివెంట పోతుంది. మరక వేలికన్నా ముఖ్యమైనది కాదు.

ఇక చేయకూడనివి. పెట్రోలు, థిన్నరు, బ్రేకులు కడిగే స్ప్రే, క్లోరాక్సు. ఇవి మరకను తీస్తాయి, నిజమే. దానితోపాటు చర్మాన్ని కాపాడటానికి దేవుడు పెట్టిన సహజమైన కొవ్వును కూడా తీసేస్తాయి. చర్మం పగులుతుంది, మండుతుంది, పగిలిన చోట మసి ఇంకా లోతుకు దిగుతుంది. వచ్చే వారం ఇంకా గట్టిగా రుద్దాలి. పెట్రోలులో ఉండే బెంజీను రక్తకేన్సరు తెచ్చే పదార్థం. అయినా గురువారం రాత్రి చాలామంది చేతులు పెట్రోలు వైపే పోతాయి. ఎందుకు? రేపు ఆరాధనకు వెళ్లాలి కాబట్టి. పదిమందిలో చేయి చాపాలి కాబట్టి.

ఇక్కడ రెండు వేరువేరు కారణాలు కలిసిపోయాయి. విడదీసి చూడాలి.

మొదటి కారణం శరీరం. ఈ మసిని కడుక్కోవాల్సిందే, అందులో సందేహం లేదు. 1775లో పెర్సివల్ పాట్ అనే లండన్ శస్త్రవైద్యుడు ఒక సంగతి రాశాడు. ఆ ఊళ్లో పొగగొట్టాలు శుభ్రం చేయడానికి చిన్న పిల్లలను లోపలికి ఎక్కించేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లలో వృషణాల తిత్తి చర్మానికి కేన్సరు రావడం ఆయన చూశాడు. ముడతల్లో ఏళ్లతరబడి నిలిచిన మసే దానికి మూలమని చెప్పాడు. ఒక పనికీ ఒక కేన్సరుకూ ఉన్న సంబంధాన్ని లోకం గుర్తించింది అక్కడే. తర్వాత లాంకషైర్ నూలు మిల్లుల్లో, కదుళ్ల నుంచి చిందిన నూనెతో బట్టలు తడిసిన పనివాళ్లకు అదే జబ్బు వచ్చింది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో కూడా ఆ మసిలోని జాతి పదార్థాలే ఉంటాయి. కాబట్టి సహోదరుడా, నూనె తుడిచిన కాటన్ వేస్టు ప్యాంటు జేబులో పెట్టుకోకు. నూనెలో తడిసిన బట్టలతో రోజంతా ఉండకు. చేయి కడుక్కోకుండా ఖుబ్బూసు తుంచకు. ఇది నీ భార్యాపిల్లల కోసం చెప్తున్న మాట. దేహం దేవుని ఆలయమని మనం పాఠం చెప్పుకుంటాం కదా, ఆ ఆలయం బాగోగుల్లో ఇదొకటి.

రెండో కారణం సిగ్గు. దీని సంగతే వేరు. శరీరం కోసం కడుక్కునే మనిషి నూనె, సబ్బు, బ్రష్‌తో కడుక్కుని, చేతికి కాస్త వాజలైన్ రాసి పడుకుంటాడు. కణుపుల్లో సన్నటి నల్ల గీతలు మిగిలితే మిగలనిస్తాడు. వాటికి ఏ సబ్బూ అక్కర్లేదు. చర్మం పై పొర ఎప్పటికప్పుడు పొట్టులా రాలిపోయి, దాదాపు నెల రోజుల్లో కింది నుంచి కొత్తది పైకొస్తుంది. ఆ గీత దానంతటదే పోతుంది. కాకపోతే ఆ నెలంతా గ్యారేజీ ముఖం చూడకూడదు. లెక్క అర్థమైందా? మెకానిక్ చేతికి ఒక్క మచ్చ కూడా లేకుండా పోవాలంటే అతను నెల రోజులు జీతం మానుకోవాలి. సిగ్గుతో కడుక్కునేవాడికి ఈ లెక్క తెలియదు. రాత్రికి రాత్రే ఆ నెల పూర్తి కావాలంటాడు. పెట్రోలు అందుకుంటాడు.

(ఈ చేతులకు ఇంకొక తంటా కూడా ఉంది. వేలిముద్రలు వేయాల్సిన చోట మిషను వాటిని చదవదు. ఇనుము పట్టి, సిమెంటు పట్టి ముద్రలు అరిగిపోయి ఉంటాయి. ఇంకోసారి పెట్టు, గట్టిగా నొక్కు అంటారు కౌంటరు వెనకాల. పనిచేసి చేసి తాను ఎవరో నిరూపించుకోలేని స్థితికి వచ్చిన చేతులవి.)

ఇప్పుడు మీలో లేఖనాలు బాగా చదివినవారు ఒక మాట అడుగుతారు, అడగాలి కూడా. యెహోవా పర్వతమునకు ఎక్కదగినవాడు ఎవడని అడిగిన 24వ కీర్తన నిర్దోషమైన చేతుల గురించి మాట్లాడింది కదా? నిర్గమకాండం 30వ అధ్యాయంలో యాజకులు గుడారంలోకి వెళ్లేముందు ఇత్తడి గంగాళం దగ్గర చేతులూ కాళ్లూ కడుక్కోవాలనీ, లేకపోతే చస్తారనీ దేవుడే చెప్పాడు కదా? అంటే దేవుని సన్నిధికి చేతులు కడుక్కుని రావడం ఆయన ఆజ్ఞే కదా?

తేలిగ్గా తోసేయదగిన మాట కాదిది. అయితే ఆ యాజకుల చేతులను ఒక్కసారి ఊహించుకోండి. రోజంతా పశువులను కోసి, రక్తం పట్టి, కొవ్వు ఒలిచి, బూడిద ఎత్తిన చేతులు. ఏ గంగాళమూ గోటి చివర రక్తపు జీరను పూర్తిగా తీసి ఉండదు. ఆ రక్తం, ఆ కొవ్వు వాళ్ల సేవలో భాగం. కడుక్కోమన్నది వాళ్లను సేవకు సిద్ధం చేయడానికి. సేవ చేసిన గుర్తు దాచుకోమని కాదు. ఇక కీర్తనలో ఆ చేతుల ప్రస్తావన వెంటనే హృదయం గురించీ, అబద్ధ ప్రమాణం గురించీ చెప్పింది. గోళ్ల సంగతి ఎత్తలేదు. యెషయా మొదటి అధ్యాయం ఇంకా కఠినం. ప్రార్థనలో చేతులు చాపినవారిని చూసి దేవుడు కళ్లు తిప్పుకుంటానన్నాడు, ఆ చేతులు రక్తంతో నిండి ఉన్నాయి కాబట్టి. వాళ్లు ఆచారం ప్రకారం కడుక్కునే వచ్చి ఉంటారు. పక్కవాడికి ఆ రక్తం కనిపించి ఉండదు.

మార్కు 7వ అధ్యాయంలో పరిసయ్యులు శిష్యుల చేతులను చూసి తప్పుపట్టిన సందర్భం మనకు తెలుసు. దాన్ని పట్టుకుని, అన్నానికి ముందు చేతులు కడగనక్కర్లేదని పిల్లలకు సరదాగా చెప్పేవాళ్లున్నారు. ఆ సరదా నాకు నచ్చదు. అక్కడ ప్రశ్న పెద్దల ఆచారం గురించి, ఆరోగ్యం గురించి కాదు. యేసుప్రభువు మాట సారాంశం ఏమిటంటే, మనిషిని అపవిత్రం చేసేది లోపలి నుంచి బయటికి వస్తుంది. ఆ మాట చెప్పిన ప్రభువును అంతకుముందు అధ్యాయంలోనే సొంత ఊరివాళ్లు వడ్లవాడు కదా అని తక్కువ చేశారు. వడ్రంగి చేతికి ఏముంటాయో మీకు తెలుసు: పేడు గుచ్చుకున్న మచ్చలు, కాయలు, బొటనవేలి గోటి కింద దెబ్బ నలుపు. పౌలు చేతులూ డేరాలు కుట్టిన చేతులే. ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పేటప్పుడు ఆయన తన అవసరాలనూ, తనతో ఉన్నవారి అవసరాలనూ తీర్చింది ఆ చేతులేనని గుర్తుచేశాడు. దాచుకోలేదు.

లేఖనాల్లో అందరి ముందూ నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నవాడి పేరు పిలాతు. ఆ చేతులకు గ్రీసు లేదు.

వైద్య చరిత్రలో ఇలాంటిదే ఒకటి జరిగింది. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆ ఆసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులు. ఒకదానిలో మంత్రసానులు కాన్పు చేసేవారు, రెండోదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు. డాక్టర్ల వార్డులోనే తల్లులు ఎక్కువగా చనిపోయేవారు. ఆ వార్డులో వేయవద్దని గర్భిణులు బతిమాలుకునేవారు. సెమ్మెల్వైస్‌కు చివరికి కారణం తట్టింది. డాక్టర్లు పొద్దున్నే శవాలను కోసి, సబ్బుతో చేతులు కడుక్కుని, తిన్నగా కాన్పులకు వచ్చేవారు. చేతులు తెల్లగానే ఉండేవి. శవం వాసన మాత్రం ఉండిపోయేది. క్లోరిన్ కలిపిన సున్నపునీళ్లతో కడుక్కున్నాకే వార్డులోకి రావాలని ఆయన నియమం పెట్టగానే మరణాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. తోటి డాక్టర్లు చాలామంది సంతోషించలేదు. తమ చేతులు మరణం మోసుకెళ్లాయన్న మాట వాళ్లు మింగలేకపోయారు. చదువుకున్న పెద్దమనిషి చెయ్యి మురికిదంటే ఎవరికి రుచిస్తుంది? పాపం, ఆయన జీవితం పిచ్చాసుపత్రిలో ముగిసింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, చెయ్యి చూసి శుభ్రత చెప్పలేమని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు. షువైఖ్ మెకానిక్ చేతి నలుపు పక్కవాడికి ఏ హానీ చేయదు. మహా అయితే తెల్ల చొక్కాకు అంటుతుంది. మరి హాని చేసే చేతులు మన మధ్య ఎలా ఉంటాయి? ఊళ్లో పొలం తాకట్టు పెట్టించి, లేని ఉద్యోగానికి వీసా అమ్మి, విమానం ఎక్కించిన ఏజెంటు చేతికి మరక ఉండదు. పనివాడి పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసిన చేతికి మరక ఉండదు. మూడు నెలల జీతం ఆపి, వచ్చే నెల చూద్దామని సంతకం పెట్టే చెయ్యి మంచి సువాసనతో ఉంటుంది. ఈ చేతులూ కానుకల సంచిలో నోట్లు వేస్తాయి. వాటితో చేయి కలపడానికి మనం వెనకాడం. కొన్నిసార్లు మొదటి వరుసలో కుర్చీ కూడా వేస్తాం.

మన అక్కచెల్లెళ్ల చేతుల గురించి కూడా ఒక మాట. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్లలో ఖద్దామాలుగా పనిచేసే వాళ్ల చేతుల మీద మరకలు ఉండవు. రోజంతా సబ్బు, క్లోరాక్సు నీళ్లలో నానే చేతులు మరీ శుభ్రం. అదే వాళ్ల బాధ. వేళ్ల సందులు ఒరిసిపోయి, అరచేతులు పగిలి, ఉప్పు తగిలితే మండుతాయి. ఇంకొకరి ఇల్లు మెరవడానికి అరిగిన చర్మం అది. శుక్రవారం సెలవు దొరక్క వాళ్లలో ఎంతోమంది ఆరాధనకే రాలేరు. కాబట్టి వాళ్ల చేతులు మనం చూడనే చూడం.

ఇంతకీ మరక చూసి మనిషిని కొలవడం మనకు ఎక్కడ నుంచి వచ్చింది? ఇది తెలుగు క్రైస్తవులు కొంచెం ఆగి ఆలోచించాల్సిన చోటు. మన తాతముత్తాతల ఊళ్లలో తోలు ఊనేవారుండేవారు. తంగేడు చెక్క దంచి, నీళ్లలో నానబెట్టి, అందులో తోళ్లు ఊరవేసేవారు. ఆ చెక్క రంగు, ఆ వాసన చేతులను పట్టుకుని వదిలేవి కావు. వాళ్లు కుట్టిన చెప్పులు ఊరంతా తొడుక్కుంది, వాళ్లు చేసిన తోలు బానలతో ఊరి పొలాలు తడిశాయి. అదే ఊరు ఆ చేతులకు మంచినీళ్ల బావిని మూసింది. చేతికి అంటిన రంగును పుట్టుకకు అంటిన రంగుగా చదివింది. ఎన్నిసార్లు కడిగినా ఆ చదువు మారలేదు, ఎందుకంటే ఊరు చూసింది చేతిని కాదు.

ఒంగోలు ప్రాంతంలో సువార్త విస్తరించిన చరిత్ర ఆ చేతుల నుంచే మొదలైంది. యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కుటుంబంలో పుట్టి తోళ్ల వ్యాపారం చేసిన మనిషి. ఆయన బాప్తిస్మం తీసుకుని పల్లెపల్లెకూ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకడానికి. గడ్డపార పట్టి, మట్టి మోసి, బొబ్బలెక్కిన చేతులు కాలువ గట్టున వాక్యం విన్నాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లను నీళ్లలోకి దించేముందు ఎవరూ గోళ్లు పరీక్షించి ఉండరు. మనలో ఎందరి ఇంటిపేర్లు ఆ పల్లెల నుంచి వచ్చాయో మనకే తెలుసు. ఆ మనవలం, మునిమనవలం ఇవాళ సూటు వేసుకుని నిలబడి ఒక మెకానిక్ మణికట్టు పట్టుకుని చేయి కలుపుతున్నాం. ఇది నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మీకూ గుచ్చుకోవాలని కోరుకుంటాను.

అపొస్తలుల కార్యాల్లో పేతురు యొప్పేలో బస చేసిన ఇల్లు గుర్తుందా? అది సీమోను అనే చర్మకారుడి ఇల్లు, సముద్రం ఒడ్డున. చచ్చిన పశువును తాకడం ధర్మశాస్త్రం ప్రకారం అపవిత్రత. తోలు ఊనేవాడికి అది రోజూ తప్పదు. యూదుల్లో ఆ వృత్తి చిన్నచూపుకు గురైంది. అలాంటి ఇంట్లో పేతురు చాలా రోజులు ఉన్నాడు. ఆ ఇంటి మిద్దె మీదే, భోజనం సిద్ధమవుతుండగా, ఆకాశం నుంచి దుప్పటి దిగిన దర్శనం కలిగింది. దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమని అనవద్దన్న మాట ఆయన అక్కడే విన్నాడు. మనం ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం, ఎక్కువగా అన్యజనుల గురించి, ఆహారం గురించి. కింద వంట అవుతున్న ఇంట్లో ఊనిన తోలు వాసన ఉండి ఉంటుందనే సంగతి ఎవరూ ఎక్కువగా చెప్పరు. కొర్నేలీకి దూత చెప్పిన చిరునామాలో కూడా ఇంటాయన పేరుతోపాటు వృత్తి ఉంది. కొర్నేలీ మనుషులు ఆ గుమ్మం ముందుకే వచ్చి పేతురు గురించి అడిగారు. పేతురు వాళ్లను లోపలికి పిలిచి ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నాడు.

మన సంఘాల్లో ఇది ఎక్కడ తగులుతుందో చెప్పి ముగిస్తాను. రొట్టె, ద్రాక్షారసం పంచేవారి వరుస ఎవరు రాస్తారో వాళ్లు చదవాలని నా కోరిక. ఆ కాగితం తీసి, గత ఏడాదిగా ఉన్న పేర్లు చూడండి. గ్యారేజీలో పనిచేసే సహోదరుడి పేరు అందులో ఉందా, లేక కుర్చీలు సర్దేవాళ్ల జాబితాలోనూ, బండ్ల పార్కింగు చూసేవాళ్ల జాబితాలోనూ మాత్రమే ఉందా? బాగుండదు కదండీ, జనం ఏమనుకుంటారు అని ఎవరైనా అంటే, ఏది బాగుండదో పేరు పెట్టి చెప్పమనండి. కడుక్కున్నాక మిగిలిన గీతలో ఏ రోగమూ లేదని ఇప్పుడు మీకు తెలుసు. అందరితోపాటు అతనూ చేతులు కడుక్కుని పళ్లెం పట్టుకుంటాడు.

ఇంకొకటి చిన్నది. ఆరాధన స్థలంలో చేతులు కడిగే చోట లిక్విడ్ సబ్బు పక్కన ఒక కొబ్బరినూనె సీసా, గోళ్ల బ్రష్ ఒకటి, మూత ఉన్న డబ్బాలో కాస్త పంచదార, చివరగా రాసుకోవడానికి ఒక వాజలైన్ డబ్బా పెట్టించండి. చాలామంది డ్యూటీ నుంచి తిన్నగా వస్తారు, రూములో నీళ్లు అయిపోయి ఉంటాయి. ఎవరి కోసమో చీటీ రాసి అతికించవద్దు. ఖద్దామా పని నుంచి వచ్చిన చెల్లెలికీ ఆ వాజలైన్ పనికొస్తుంది. చలికాలంలో మీకూ పనికొస్తుంది.